పేర్లు చెరపకుండా లైసెన్సులు సరిచేయడం ఎలా?

ప్రశ్న: నమస్కారమండీ. 2017లో కాకినాడలో ఇంజినీరింగ్ చదువుతుండగా నేనూ, నా ముగ్గురు స్నేహితులూ కలిసి కంప్యూటర్లో తెలుగు టైపు చేయడానికి, అక్షరదోషాలు దిద్దడానికి ఒక చిన్న సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాం. ఓపెన్ సోర్స్ కాబట్టి తర్వాత చాలామంది చేయి వేశారు. ఇప్పటికి 14 మంది కోడు రాశారు. ఈమధ్య దీన్ని డెబియన్‌లో (లైనక్స్ ఆధారిత ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) చేర్చడానికి ఒకాయన ముందుకొచ్చి, ‘ఇంతకీ మీ లైసెన్సు ఏది?’ అని అడిగారు. తీరా చూస్తే రిపాజిటరీలో (కోడంతా దాచే చోట) మొదటినుంచీ ఉన్న లైసెన్సు ఫైలు, అంటే కోడును ఏ షరతులతో వాడుకోవచ్చో చెప్పేది, ఎంఐటీ అంటోంది. 2019లో ఎవరో రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైలు) జీపీఎల్ అని రాశారు. పైథాన్ ప్యాకేజీ వివరాల్లో అపాచీ అని ఉంది. మూడూ వేర్వేరు లైసెన్సులు. లిప్యంతరీకరణ (ఒక లిపిలో రాసినదాన్ని మరో లిపిలోకి మార్చడం) చేసే మూడు ఫైళ్ళు వేరే ప్రాజెక్టు నుంచి తెచ్చుకున్నవి, వాటి మీద జీపీఎల్ 2 అని ఉంది. ఇంకో ఫైలు అపాచీ 2.0 కింద ఉన్న ఒక లైబ్రరీ నుంచి తీసుకున్నాం. పదాల అర్థాలు, ఉదాహరణ వాక్యాలు 2018లో, అందరూ కలిసి రాసే ఆన్‌లైన్ నిఘంటువు తెలుగు విక్షనరీ నుంచి తెచ్చాం. ఫాంటు లోహిత్ తెలుగు. బటన్ల మీది బొమ్మలు ఎక్కడివో ఎవరికీ గుర్తులేదు. ‘ఫైళ్ళ తలమీది పాత హెడర్లన్నీ తీసేసి అన్నిటికీ ఎంఐటీ పెట్టేద్దాం, ఒక సాయంత్రం పని’ అని ఒక స్నేహితుడు అంటున్నాడు. 2018లో వత్తులు సరిచేసే ఫైలు రాసిన మిత్రుడు 2021లో కోవిడ్‌తో చనిపోయాడు. మరో ఇద్దరి ఈమెయిళ్ళు పనిచేయడం లేదు, వాళ్ళు రాసింది 2020లో. ఒకామె 2022లో ఉద్యోగం చేస్తూ రాసింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.
— ఒక పాఠకుడు, కాకినాడ

సమాధానం: ఆ ‘ఒక సాయంత్రం పని’ మాత్రం చేయకండి. మీ స్నేహితుడి ఉద్దేశం మంచిదే. కానీ దానివల్ల గందరగోళం తీరదు, పైకి కనబడకుండా పోతుంది, అంతే. పైగా అందులో ఒక నిజమైన తప్పు జరిగిపోతుంది. వేరేవాళ్ళు జీపీఎల్ షరతులతో, అంటే ఇతరులకు అందించేటప్పుడు మూల కోడు కూడా ఇవ్వాలన్న షరతుతో ఇచ్చిన మూడు ఫైళ్ళను మీరు ఎంఐటీ అని లోకానికి చెప్పినట్టవుతుంది. ఆ మాట నమ్మి ఎవరైనా వాటిని మూల కోడు బయటపెట్టని తమ ఉత్పత్తిలో కలుపుకుంటే, రేపు చిక్కుల్లో పడేది వాళ్ళు. మిమ్మల్ని నమ్మడమే వాళ్ళు చేసిన పొరపాటు అవుతుంది.

మన ఊళ్ళల్లో పెళ్ళికో వ్రతానికో గిన్నెలు చాలకపోతే ఇరుగుపొరుగు నుంచి తెచ్చుకుంటాం. ప్రతి స్టీలు గిన్నె అంచు మీదా ఆ ఇంటివాళ్ళ పేరు కొట్టించి ఉంటుంది. వంట అన్ని గిన్నెల్లోనూ అవుతుంది, భోజనాలు అందరూ కలిసే చేస్తారు. అన్నీ ఒకేలా కనబడాలని ఆ పేర్లు అరగదీసి మన పేరు కొట్టించుకోం. ఫైలు తలమీద ఉండే కాపీరైటు వరుస అలాంటి పేరే. ఎంఐటీ లైసెన్సు పెట్టే దాదాపు ఒకే ఒక్క షరతు కూడా ఇదే: కాపీరైటు ప్రకటననూ, అనుమతి పాఠాన్నీ ప్రతి కాపీలో ఉంచాలి. అంటే మీ స్నేహితుడు చెప్పినట్టు హెడర్లు తీసేస్తే, ఆయన పెట్టాలనుకుంటున్న ఎంఐటీ లైసెన్సునే ముందుగా ఉల్లంఘించినట్టు.

కాబట్టి లక్ష్యాన్ని కొంచెం మార్చుకోండి. ప్రాజెక్టు మొత్తానికి లైసెన్సులు పొందికగా ఉండటమంటే ప్రతి ఫైలూ తన గురించి నిజం చెప్పాలి, ఆ నిజాలన్నీ ఒకదానితో ఒకటి పొసగాలి. అందుకు అన్ని ఫైళ్ళకూ ఒకే లైసెన్సు ఉండనక్కర్లేదు. డెబియన్ వాళ్ళు అడిగేది కూడా అదే. వాళ్ళ ప్రతి ప్యాకేజీలోనూ ఏ ఫైలు ఎవరిది, ఏ షరతులతో వచ్చింది అని చెప్పే కాపీరైటు ఫైలు ఒకటి ఉంటుంది. కొత్త ప్యాకేజీని లోపలికి తీసుకునే ముందు దాన్ని మనుషులే కూర్చుని చదువుతారు. మీ దగ్గరికి వచ్చినాయన ఆ ఫైలు రాయలేక మిమ్మల్ని అడిగారు.

ఇక హక్కుల సంగతి. మన కాపీరైటు చట్టం (1957) కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల కోవలో చేర్చింది. కథ రాసినవారికి కథ మీద ఎలాంటి హక్కు ఉంటుందో కోడు రాసినవారికి కోడు మీద అలాంటి హక్కే ఉంటుంది. రిజిస్ట్రేషను అక్కర్లేదు, రాయడంతోనే వస్తుంది. ‘ప్రాజెక్టు’ అనే పేరుకు విడిగా ఏ హక్కూ లేదు. మీ కోడుకు 14 మంది హక్కుదారులున్నారు, బయటినుంచి తెచ్చిన ఫైళ్ళ రచయితలు అదనం. మొదలుపెట్టింది మీరు నలుగురే అయినా మిగతా పదిమంది తరఫున షరతులు మార్చే అధికారం మీకు లేదు. రచయిత మరణించాక కూడా 60 ఏళ్ళపాటు హక్కు ఉంటుంది, అది వారసులకు చెందుతుంది. అంటే వత్తులు సరిచేసే ఆ ఫైలు ఇప్పుడు మీ మిత్రుడి కుటుంబానిది.

ఇది చదివి బెంగపడకండి. ఉన్న షరతులను మార్చాలనుకుంటేనే అందరి అనుమతీ కావాలి. మార్చకుండా, ఉన్నవాటిని ఉన్నట్టుగా గౌరవిస్తూ కలిపి పంచుకునే దారి దొరికితే ఎవరి తలుపూ తట్టనక్కర్లేదు. మీ ప్రాజెక్టుకు ఆ దారి ఉందని నాకు అనిపిస్తోంది. అయితే అదంతా ఆ మూడు లిప్యంతరీకరణ ఫైళ్ళ మీద ఉన్న ఒక్క వాక్యాన్ని బట్టి ఉంటుంది.

ముందుగా ఆ ఫైళ్ళు తెరిచి, హెడరును నిదానంగా చదవండి. ‘జీపీఎల్ 2 అని ఉంది’ అని మీరు రాశారు. చాలామంది అక్కడితో చదవడం ఆపేస్తారు. ఆ ప్రామాణిక ప్రకటనలో 2వ వెర్షన్ అన్న మాట తర్వాత సాధారణంగా ఇంకో ముక్క ఉంటుంది: ‘లేదా, మీ ఇష్టాన్ని బట్టి, ఆ తర్వాతి ఏ వెర్షన్ అయినా’. కొందరు రచయితలు కావాలనే ఆ ముక్కను తీసేస్తారు. లైనక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) అలాగే 2వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. ఆ ముక్క ఉందా లేదా అన్నది మీ ప్రాజెక్టు భవిష్యత్తును తేలుస్తుంది.

ఎందుకంటే అపాచీ 2.0 కింద ఉన్న కోడు జీపీఎల్ 2తో కలవదు. పేటెంట్ల గురించి అపాచీ పెట్టిన షరతులు జీపీఎల్ 2లో లేనివి, జీపీఎల్ 2 అదనపు షరతులను ఒప్పుకోదు. జీపీఎల్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ మొదటినుంచీ చెబుతున్నది ఇదే. 2007లో వచ్చిన జీపీఎల్ 3ను రాసేటప్పుడు ఆ అడ్డు తొలగించారు. కాబట్టి మీ మూడు ఫైళ్ళ మీద ‘ఆ తర్వాతి ఏ వెర్షన్ అయినా’ అని ఉంటే మీరు వాటిని జీపీఎల్ 3 కింద తీసుకోవచ్చు, అప్పుడు అపాచీ ఫైలు పక్కనే హాయిగా ఉంటుంది. ఆ ముక్క లేకపోతే అవీ ఇదీ ఒకే ప్రోగ్రాములో ఉండి పంపిణీ కాకూడదు. అప్పుడు అపాచీ ఫైలును తీసేసి ఆ పని మీరే రాసుకోవాలి, లేదా లిప్యంతరీకరణ ఫైళ్ళను మార్చాలి. ఒక ఫైలు రాసుకోవడం మూడు ఫైళ్ళ కంటే తేలిక.

ఆ ముక్క ఉందనుకుని ముందుకు వెళ్దాం. ఎంఐటీ కోడు జీపీఎల్ ప్రోగ్రాములోకి రావచ్చు, అపాచీ కోడు జీపీఎల్ 3 ప్రోగ్రాములోకి రావచ్చు. జీపీఎల్ కోడు మాత్రం ఎంఐటీ ప్రోగ్రాములోకి వెళ్ళలేదు. నీరు పల్లానికి పారుతుంది, ఎదురెక్కదు. మీ దగ్గర ఉన్నవన్నీ కలిపితే చేరగల చోటు ఒక్కటే: మొత్తం ప్రోగ్రాము ‘జీపీఎల్ 3 లేదా ఆ తర్వాతి వెర్షన్’ కింద వెళుతుంది. అందులో మీరు రాసిన ఫైళ్ళు ఎంఐటీగానే ఉంటాయి, లైబ్రరీ నుంచి తెచ్చింది అపాచీగానే ఉంటుంది. కావాలంటే రేపెవరైనా మీ ఎంఐటీ ఫైళ్ళను మాత్రమే విడిగా తీసుకుని ఇంకో కీబోర్డులో వాడుకోవచ్చు. మొత్తాన్ని తీసుకునేవారు జీపీఎల్ షరతులు పాటించాలి. నా సలహా ఇదే, ఇందులో నాకు సందేహం లేదు.

జీపీఎల్ అంటే డబ్బు తీసుకోకూడదనీ, కంపెనీలు వాడకూడదనీ అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. మీ స్నేహితుడి భయం అదే అయితే తీసేయమనండి. బడి, పత్రికాఫీసు, కంపెనీ ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ప్రోగ్రామును ఇతరులకు అందించేటప్పుడు మూల కోడు ఇవ్వాలి, అదే స్వేచ్ఛ వాళ్ళకూ ఉండాలి. దానితో టైపు చేసిన వ్యాసానికీ లైసెన్సుకూ సంబంధం లేదు.

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. చనిపోయిన మీ మిత్రుడు 2018లో రాశాడు. అప్పటికి రిపాజిటరీలో ఉన్నది ఎంఐటీ ఒక్కటే. ఆ ఫైలు ఎంఐటీగానే ఉంటుంది, షరతులేవీ మారడం లేదు, కాబట్టి ఆ కుటుంబాన్ని సంతకం అడగాల్సిన పని లేదు. 2020లో రాసి ఇప్పుడు దొరకని ఇద్దరి విషయం కాస్త ఆలోచించాలి. అప్పటికి లైసెన్సు ఫైలు ఎంఐటీ అంటోంది, రీడ్‌మీ జీపీఎల్ అంటోంది. వాళ్ళు మనసులో ఏది అనుకుని ఇచ్చారో తెలియదు. ఎంఐటీ అనుకున్నారంటే ఆ కోడు జీపీఎల్ 3 ప్రోగ్రాములో ఉండొచ్చు. జీపీఎల్ అనుకున్నారంటే, వెర్షన్ సంఖ్య చెప్పకుండా జీపీఎల్ అని మాత్రమే రాసినప్పుడు ఏ వెర్షన్‌నైనా ఎంచుకోవచ్చని ఆ లైసెన్సులోనే ఉంది, కాబట్టి అప్పుడూ ఉండొచ్చు. ఏ రకంగా చదివినా అదే చోటికి వస్తున్నాం. వాళ్ళు చేయి పెట్టిన ఫైళ్ళకు ఎంఐటీ ప్రకటన అలాగే ఉంచి, జీపీఎల్ 3 లేదా తర్వాతిది అన్న మాటను కూడా చేర్చండి. ఎంఐటీ మాత్రమే అని చెప్పడానికి మీ దగ్గర ఆధారం లేదు. సందేహం ఉన్నచోట గట్టి షరతును ఎంచుకుంటే ఎవరికీ అన్యాయం జరగదు.

మొత్తాన్ని ఎంఐటీ చేయాలనే మీ స్నేహితుడి కోరిక అసాధ్యం కాదు. దాని ఖరీదు తెలియాలి, అంతే. లిప్యంతరీకరణ ఫైళ్ళను పూర్తిగా తీసేసి, ఇదివరకు వాటిని చదవని మనిషి చేత కొత్తగా రాయించాలి. 2019 తర్వాత రాసిన ప్రతి ఒక్కరి నుంచీ రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. దొరకనివారి కోడు తీసేసి తిరిగి రాయాలి. వీఎల్‌సీ ప్లేయర్ వాళ్ళు 2011-12లో తమ లైబ్రరీని జీపీఎల్ నుంచి, దానికంటే సడలింపు ఉన్న ఎల్‌జీపీఎల్‌కు మార్చినప్పుడు రెండు వందలకు పైగా డెవలపర్లను వెతికి పట్టుకుని అడిగారు. అయినా కొన్ని మాడ్యూళ్ళు జీపీఎల్‌లోనే ఉండిపోయాయి. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని గుప్తంగా పంపడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్ళు అపాచీ 2.0కు మారడానికి 2017 మార్చిలో తమ రచయితలందరికీ ఈమెయిళ్ళు పంపుతూ, జవాబు రాకపోతే అభ్యంతరం లేదనుకుంటామని రాశారు. ఆ మాటకు గట్టి విమర్శ వచ్చింది. కొత్త లైసెన్సుతో 3.0 వెర్షన్ 2021 సెప్టెంబరుకు గానీ రాలేదు. ఆ విమర్శ న్యాయమైనదే. హక్కుదారు మౌనంగా ఉన్నారంటే ఒప్పుకున్నారని అర్థం తీయడానికి వీల్లేదు. మీరు ఎంత చిన్న ప్రాజెక్టు అయినా ఆ పని చేయకండి.

ఉద్యోగం చేస్తూ రాసినామె విషయం విడిగా చూడాలి. మన చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, ఉద్యోగ విధుల్లో భాగంగా రాసినదానికి మొదటి హక్కుదారు యజమాని, అంటే కంపెనీ. ఆమె రాత్రి ఇంట్లో, సొంత కంప్యూటర్ మీద, ఉద్యోగానికి సంబంధం లేకుండా రాసి ఉంటే సాధారణంగా హక్కు ఆమెదే. కానీ సాఫ్ట్‌వేర్ కంపెనీల నియామక పత్రాల్లో కొన్ని, ఉద్యోగంలో ఉండగా ఏం రాసినా అది కంపెనీదే అంటాయి. ఆమెను నిందించినట్టు కాకుండా, ఆ పత్రం ఒకసారి తీసి చూడమని అడగండి. అనుమానం ఉంటే కంపెనీ నుంచి రెండు వాక్యాల ఉత్తరం చాలు: ఫలానా ప్రాజెక్టుకు ఈ ఉద్యోగి ఇచ్చిన కోడు ఎంఐటీ కింద విడుదల కావడానికి మాకు అభ్యంతరం లేదు, అని. ఆ ఉత్తరం దొరక్కపోతే మాత్రం ఆమె రాసిన భాగాన్ని తీసి, వేరొకరు తిరిగి రాయడమే మేలు. మీ మొత్తం జాబితాలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే. మిగతావారంతా మనసారా ఇచ్చినవాళ్ళు. ఇక్కడ ఇచ్చే హక్కు ఇచ్చినామెకు ఉందో లేదో ముందు తేలాలి. కంపెనీ బిగుసుకుంటే మీరే తేల్చుకోబోకండి, కాపీరైటు తెలిసిన న్యాయవాదిని కలవండి.

విక్షనరీ నుంచి తెచ్చినవాటిని కోడులో కలిపి ఉంచకండి. విడి పదాల మీద ఎవరికీ హక్కు ఉండదు. అర్థాలు, ఉదాహరణ వాక్యాలు మాత్రం ఎవరో కూర్చుని రాసినవి. 2018లో తెచ్చారు కాబట్టి అవి క్రియేటివ్ కామన్స్ వారి బై-ఎస్ఏ 3.0 (రచయిత పేరు చెప్పాలి, మార్చి పంచుకుంటే అదే లైసెన్సుతో ఇవ్వాలి) కింద వచ్చాయి. విక్షనరీ వంటి వికీమీడియా ప్రాజెక్టులు 4.0కు మారింది 2023 జూన్‌లో. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, జీపీఎల్ 3లోకి రావడానికి ఒప్పుదల ఉన్నది 4.0కే. బై-ఎస్ఏ 3.0 కింద తీసుకున్నదాన్ని మార్చి విడుదల చేసేటప్పుడు అదే లైసెన్సు తర్వాతి వెర్షన్ వాడుకోవచ్చు. కానీ అంత తర్కం అక్కర్లేని దారి ఉంది. ఆ డేటాను ఒక ప్రత్యేక ఫోల్డరులో పెట్టి, దాని లైసెన్సును దానికే ఉంచి, ఏ పేజీల నుంచి ఏ తేదీన తెచ్చారో ఒక ఫైలులో రాయండి. ప్రోగ్రాము దాన్ని చదువుకుంటుంది, అంతే. వీలైతే డేటాను ఇప్పటి విక్షనరీ నుంచి తిరిగి దించుకోండి. ఇన్నేళ్ళలో అక్కడ ఎందరో తెలుగువాళ్ళు తప్పులు దిద్ది ఉంటారు, ఆ మేలు మీ వాడుకరులకూ అందుతుంది.

లోహిత్ ఫాంట్లు ఒకప్పుడు జీపీఎల్ కింద ఉండేవి, 2011లో ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సుకు మారాయి. మీ దగ్గరున్నది ఏ కాలపు కాపీయో చూడండి, లైసెన్సు పాఠాన్ని దాని పక్కనే ఉంచండి. డెబియన్‌లో లోహిత్ తెలుగు విడి ప్యాకేజీగా ఎప్పటినుంచో ఉంది కాబట్టి అక్కడికి పంపేదానిలో ఫాంటు పెట్టనే అక్కర్లేదు. బొమ్మలు ఎక్కడివో తెలియదంటే వాటిని వెంటనే తీసేయండి. ఎవరిదో తెలియనిదాన్ని వాడుకునే అనుమతి మీకు ఎవరూ ఇవ్వలేదు. పది బటన్లకు బొమ్మలు గీయడానికి మీలో ఒకరికి ఒక ఆదివారం చాలు.

ఇంకొకటి, మీరు ఉత్తరంలో చెప్పనిది. ఫైళ్ళ తలమీద ఉన్నవి మాత్రమే చూసి ఆగిపోకండి. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక చిన్న ప్రాజెక్టులో, హెడరు చక్కగా ఉన్న ఫైలు మధ్యలో, ఒక ఫంక్షను పైన ‘ఇది ఇక్కడినుంచి తీసుకున్నాను’ అని ఒక లింకు కనబడింది. తెరిస్తే అది ప్రశ్నోత్తరాల సైటులో ఎవరో ఇచ్చిన జవాబు. రాసిన కుర్రాడు నిజాయితీగా లింకు పెట్టాడు, మేమే ఐదేళ్ళపాటు చదవలేదు. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో జవాబులు క్రియేటివ్ కామన్స్ బై-ఎస్ఏ కింద ఉంటాయి, 2018 మే 2 నుంచి ఇచ్చినవి 4.0 కింద, అంతకుముందువి పాత వెర్షన్ల కింద. కాబట్టి కోడు మొత్తంలో ‘కాపీరైటు’, ‘లైసెన్సు’, ‘తీసుకున్న’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల కోసం, వ్యాఖ్యల్లోని వెబ్ చిరునామాల కోసం ఒకసారి వెతకండి. దొరికిన ప్రతిదానికీ ఒక నిర్ణయం కావాలి: ఉంచడమా, తిరిగి రాయడమా.

ఇదంతా తేలాక రాత పని. ప్రతి ఫైలు తలమీదా రెండు వరుసలు ఉండాలి. మొదటిది కాపీరైటు: సంవత్సరం, పేరు. రెండోది ఎస్‌పీడీఎక్స్ లైసెన్సు గుర్తింపు వరుస. 2010లో లైనక్స్ ఫౌండేషన్ నీడన మొదలై, 2021లో అంతర్జాతీయ ప్రమాణమైన పద్ధతి ఇది. పేజీ నిండా ఉండే పాత ప్రకటన బదులు ఒక్క చిన్న సంకేతం: ఎంఐటీ అని, లేదా అపాచీ-2.0 అని. ఇక్కడ ఒక జాగ్రత్త. వట్టి ‘జీపీఎల్-3.0’ అన్న పాత సంకేతం ఇప్పుడు వాడకూడదు. ‘ఓన్లీ’ అని గానీ ‘ఆర్ లేటర్’ అని గానీ చివర చేర్చాలి. పైన మీ ప్రాజెక్టునంతా నిలబెట్టింది ఆ ‘తర్వాతి వెర్షన్’ ముక్కే కదా. బయటినుంచి వచ్చిన ఫైళ్ళ మీద పాత ప్రకటనను తీయకుండా దాని కింద ఈ వరుస చేర్చండి.

ఈ పని చిన్న ప్రాజెక్టులకే అవసరం అనుకోకండి. 2017లో లైనక్స్ కెర్నల్లో కూడా లైసెన్సు మాటే లేని ఫైళ్ళు వేల సంఖ్యలో ఉన్నాయి. 4.14 వెర్షన్ సమయంలో కొందరు కూర్చుని ఫైలు తర్వాత ఫైలు పరిశీలించి ఈ వరుసలు చేర్చారు. ఏమీ రాసి లేనివాటికి కెర్నల్ మొత్తానికి ఉన్న జీపీఎల్ 2 వర్తిస్తుందని తేల్చారు. మీకూ అలాంటి ఫైళ్ళుంటే, అవి చేరిన రోజున లైసెన్సు ఫైలులో ఏముందో గిట్ (కోడులో ప్రతి మార్పునూ నమోదు చేసే పనిముట్టు) చరిత్రలో చూసి అదే రాయండి.

రూపం కోసం ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ యూరప్ వారి ‘రీయూజ్’ పద్ధతి పాటించమంటాను. వాడిన ప్రతి లైసెన్సు పూర్తి పాఠం ఒకే ఫోల్డరులో ఉంటుంది. ఫాంటు, బొమ్మల వంటి, వరుసలు రాయలేని ఫైళ్ళ వివరాలు ఒక పట్టికలో ఉంటాయి. ఏ ఫైలుకు ఏం తక్కువైందో వాళ్ళ పనిముట్టే చెబుతుంది. దాన్ని ప్రతి మార్పుకూ నడిచేలా పెట్టుకుంటే మళ్ళీ ఈ స్థితి రాదు. ఆ తర్వాత రీడ్‌మీ, పైథాన్ ప్యాకేజీ వివరాలు, ప్రోగ్రాములో ‘గురించి’ అనే కిటికీ, అన్నిటినీ ఒకే కమిట్‌లో, అంటే గిట్‌లో ఒకేసారి నమోదు చేసే మార్పులో సరిచేయండి. నాలుగు చోట్ల నాలుగు రోజుల్లో మారిస్తే ఐదో చోటు మరచిపోతారు.

దొరికేవారికి ఉత్తరం రాయండి. చట్టం కోసం తప్పనిసరి కాకపోయినా రాయమంటున్నాను. తమ పని గురించి ఏం నిర్ణయిస్తున్నారో వాళ్ళకు ముందే తెలియాలి. ఇలా రాయొచ్చు:

‘నమస్కారం. మన ప్రాజెక్టులో లైసెన్సు ఫైలు ఎంఐటీ అనీ, రీడ్‌మీ జీపీఎల్ అనీ ఇన్నాళ్ళూ రెండు మాటలు చెప్పాయి. ఇది మా పొరపాటు. ఇప్పుడు సరిచేస్తున్నాం. మీరు రాసిన ఫైళ్ళ జాబితా ఈ ఉత్తరం కింద ఉంది. వాటిని ఎంఐటీ లైసెన్సు కిందే ఇచ్చారని మేము అనుకుంటున్నాం. అది నిజమైతే ‘ఒప్పుకుంటున్నాను’ అని జవాబు రాయండి. కాదంటే, లేదా ఆ కోడు మీద మీ కంపెనీకి గానీ కళాశాలకు గానీ హక్కు ఉందనుకుంటే, అదీ చెప్పండి. ఫైళ్ళ మీద మీ పేరు ఎలా ఉండాలో కూడా రాయండి.’

వచ్చిన జవాబులను అందరికీ కనబడేలా రిపాజిటరీలోనే ఒకచోట దాచండి. చివరి వాక్యం చిన్నదే అయినా దానికే ఎక్కువ మంది జవాబు రాస్తారని నా అనుభవం. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారినవారు, అప్పట్లో ముద్దుపేరుతో రాసినవారు ఉంటారు. తమ పేరును తాము కోరుకున్నట్టు చూసుకోవడం ఎవరికైనా సంతోషమే.

ఇంతకుముందు విడుదల చేసిన వెర్షన్ల గురించి రెండు మాటలు. ఎంఐటీ కింద మీ సొంత ఫైళ్ళను తీసుకున్నవారికి ఆ హక్కు అలాగే ఉంటుంది, దాన్ని వెనక్కి తీసుకోలేరు, తీసుకోవాలని ప్రయత్నించకండి. జీపీఎల్ ఫైళ్ళను ఎంఐటీ మాటున పంపిన తప్పును మాత్రం విడుదల వివరాల్లో నేరుగా ఒప్పుకోండి. ఆ లిప్యంతరీకరణ ఫైళ్ళ అసలు రచయితలకూ ఒక ఉత్తరం రాయండి. భయపడనక్కర్లేదు. జీపీఎల్ 3లో 8వ సెక్షన్ దిద్దుకున్నవారికి దారి ఇచ్చింది. ఉల్లంఘన ఆపేశాక 60 రోజుల్లోగా హక్కుదారు నోటీసు ఇవ్వకపోతే మీ హక్కులు శాశ్వతంగా తిరిగి వస్తాయి. మొదటిసారి నోటీసు వచ్చినవారు అది అందిన 30 రోజుల్లో సరిదిద్దుకున్నా అంతే. తెలియక చేసి, తెలియగానే దిద్దుకున్నవారిని ఈ రంగంలో మనుషులు బాగానే చూస్తారు.

ఇకమీదట వచ్చే కోడుకు, లైనక్స్ వాళ్ళు 2004లో మొదలుపెట్టిన పద్ధతి మీకు సరిపోతుంది. ప్రతి కమిట్ కింద రచయిత తన పేరుతో ‘సైన్డ్-ఆఫ్-బై’ వరుస చేరుస్తారు. ఈ కోడు నేను రాసింది, లేదా ఇచ్చే హక్కు నాకుంది, ఈ ప్రాజెక్టు లైసెన్సు కింద ఇస్తున్నాను, అని దాని అర్థం. గిట్‌లో కమిట్ చేసేటప్పుడు ‘ఎస్’ అనే ఒక్క ఐచ్ఛికం చేరిస్తే ఆ వరుస దానంతటదే వస్తుంది. హక్కులన్నీ మీ పేరున రాసివ్వమనే పెద్ద ఒప్పందాలు మీకు వద్దు. నలుగురు స్నేహితులు మొదలుపెట్టినదానికి చేయి కలపడానికి వచ్చిన విద్యార్థి ముందు అంత కాగితం పెడితే తిరిగి వెళ్ళిపోతాడు.

ఈలోగా డెబియన్ ఆయనకు ఇప్పుడే జవాబు రాయండి: పరిశీలిస్తున్నాం, ఇదీ ఇప్పటివరకు తేలినది, ఈ మూడు విషయాలు ఇంకా తేలలేదు, అని. అలాంటి జాబితా చేతికందితే ఆయనే సాయం చేస్తారు. మొదటి కమిట్ మాత్రం వత్తులు సరిచేసే ఫైలుతో మొదలుపెట్టండి. దాని మీద మీ మిత్రుడి పేరు, 2018 అన్న సంవత్సరం ఉన్నవి ఉన్నట్టే ఉంచి, వాటి కింద ఎంఐటీ వరుస ఒక్కటి చేర్చండి.